తట్ట ఎత్తితే బేరం అయినట్టే

నేను ఇంతకుముందు ఎన్నడూ ఏమీ రాయలే. నాలుగో తరగతి దాంక చదివిన, అంతే. తప్పులుంటే ఏమనుకోవద్దు. ఇప్పుడెందుకు రాస్తున్ననో ఆఖరుకు మీకే తెలుస్తది.

నా పేరు రాజమణి. ఛత్రినాకల ఉంటం. రోజూ పొద్దుగాల తట్టల స్టీలు గిన్నెలు సర్దుకొని శాలిబండ దాంక గల్లీలన్నీ తిరుగుత. "పాత బట్టలకు గిన్నెలూ" అని కేకేస్తే ఆడోళ్లు చీరెలు, ప్యాంట్లు తెస్తరు. బట్టలే కాదు, ఇంట్ల వద్దనుకున్నది ఏదైనా తెస్తరు. మా పై ఇంటి లలితమ్మ పొడిదగ్గు ఇచ్చి టిఫిన్ డబ్బా తీసుకున్నది. ఆ దగ్గు ఆదివారం అంగట్ల ఎవరో కొన్న అంగీతోని పోయింది. బసవయ్య సేటు గురకకు ఒక్క గ్లాసే ఇస్తనన్న. "ఏండ్ల సంది పెంచిన గురక గది" అని ఆయన భార్య ఇంకో గ్లాసు గుంజుకున్నది.

మా పనిల కాయిదా, అంటే కట్టుబాటు, ఒకటే. బేరం నడిచినంతసేపు తట్ట కింద ఉంటది. నేను నెత్తికెత్తిన్నంటే బేరం అయినట్టే. మళ్ల తిరుగుడు లేదు.

ఈ ఎండాకాలం సేటు పాత మిద్దెల ఫారిన్ పిల్లలు దిగిన్రు. నెల రోజుల క్యాంపు. లీడర్లు అయ్యేది నేర్పుతరట, మన సంస్కృతి చూపిస్తరట. సేటు బిడ్డ మనస్విని మేడం నడిపిస్తది. ఆమె నా బిడ్డ మున్నీ మాటలు విని మురిసింది. మున్నీ నా లెక్క కాదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు గలగల మాట్లాడుతది.

"ఆఖరి దినం స్టేజీ మీద మంచిగ మాట్లాడితే నీకు మా ఆఫీసుల నౌకరీ" అన్నది మేడం.

వారం దినాలు మున్నీ అద్దం ముందలే ఉన్నది. "అమ్మా, ఫికర్ చెయ్యకు, నేనున్న. ఈ తట్ట దించేస్త సూడు" అనేది.

ఆఖరి దినానికి ఒక్క దినం ముందు నన్ను తట్టతోని రమ్మన్నరు. బేరమాడుడు వాళ్లకు పాఠమట. తక్కువిచ్చి ఎక్కువ గుంజుకున్నోళ్లే లీడరు. ఒకడు చినిగిన సాక్సులకు కుక్కర్ అడిగిండు.

"సాక్సులల్ల అన్నం వండుకుంటర మేము?" అన్నది మున్నీ ఇంగ్లీషుల. అందరు నవ్విన్రు.

అప్పుడు ఎర్రజుట్టు పిల్ల లేచింది. ఆమెకు నత్తి. నెలంతా ఆమె మాట ఆఖరు దాంక ఎవ్వరు వినలే. తట్ట దిక్కు చూసి, మున్నీ దిక్కు వేలు చూపించి ఏందో అన్నది.

"అమ్మా, నత్తి ఇస్తదట. బదులు నా మాట కావాల్నట" అని మున్నీ నవ్వింది.

చప్పట్లు. "వాహ్! బేరమంటే ఇది. ఏం రాజమణీ, ఇస్తవా?" అన్నది మేడం.

వద్దనాలె. ఒక్క మాట. కాని ఇరవై మంది నా మొఖమే చూస్తున్నరు, ఫోన్లు పట్టుకున్నరు. నలుగురిల నాకు నోరు రాదు, చిన్నప్పటి సంది అంతే. ఇంటికి పోవాలె, ఇంకేం తోచలే. వంగి తట్ట ఎత్తుకున్న.

నెత్తిన పెట్టినంక కాయిదా యాదికొచ్చింది.

"అ... అ... అమ్మా" అన్నది మున్నీ.

మేడం కాళ్లు పట్టుకున్న. "ఎత్తింది నువ్వే కదా. కాయిదా నీదే. పిల్లలకు మస్తు పాఠమైంది" అని కాళ్లు వెనుకకు తీసుకున్నది.

మర్నాడు స్టేజీ మీద ఎర్రజుట్టు పిల్ల గలగల మాట్లాడింది. "ఫికర్ చెయ్యకున్రి, నేనున్న" అన్నది ఆఖరుకు, మా మున్నీ గొంతుతోని. గెలిచినోళ్లకిచ్చే కప్పు ఆమెకే ఇచ్చిన్రు. మున్నీ "న... న... నమస్తే" అనేసరికే టైమైందని గంట కొట్టిన్రు. వెనుక ఎవరో "న... న..." అని ఎక్కిరించిన్రు. ఆ సాయంత్రమే ఆ పిల్ల విమానమెక్కింది.

తెల్లారి తట్ట మా ఇద్దరి నడుమ పెట్టిన. "నీ నత్తి నాకియ్యి, నా మాట తీస్కో" అన్న. మున్నీ తల అడ్డం ఊపింది. అది వద్దనేలోపు ఎత్తేసిన.

నత్తి నాకొచ్చింది. చేతికి నత్తి ఉండదు, అందుకే రాస్తున్న.

మున్నీ ఇంగ్లీషుల ఏదో అనాలని నోరు తెరిచింది. ఏమీ రాలే. నా మాటల ఇంగ్లీషు యాడుంటది? ఉన్నదంత సిగ్గు, ఇన్నేండ్ల కేక. మళ్ల నోరు తెరిచింది.

"పాత బట్టలకు గిన్నెలూ" అన్నది.

పైనుంచి లలితమ్మ, "ఓ రాజమణీ, ఆగు, చీరెలున్నయి" అన్నది.

నేను తట్ట తీసి మున్నీ నెత్తిన పెట్టిన.