అడుగుడా, తిట్టుడా

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ గజేందర్ ఫోన్ చూసి పడీపడీ నవ్వుతున్నాడు. నోట్లో ముద్ద ఉండగానే నవ్వుతున్నాడు. ఎదురుగా కూర్చున్న భార్య ప్రసూన, "ఏంది గంత నవ్వు?" అని అడిగింది.

"గీ ముసల్దాన్ని సూడు. ఇంగ్లీషు నేర్సుకుంటదట" అంటూ ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

తెర మీద అంజవ్వ. ప్రసూన చేయి కంచంలోనే ఆగిపోయింది.

అంజవ్వది దౌల్తాబాద్. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన పడితే, ఆమె సిద్దిపేటకు వచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో ఆయమ్మగా చేరింది. యాభై దాటిన మనిషి. మూడు వారాల కిందట, ప్రసూన పాఠాలు చెప్పే స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌కు వచ్చి సాయంత్రం బ్యాచ్‌లో కూర్చుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. ఆమె కూర్చున్న చోట ఫినాయిల్ వాసన ఉండేది. పిల్లలు పక్క బెంచీకి జరిగేవాళ్లు.

వీడియోలో ఉన్నది 'వాట్' అనే మాట మీద పాఠం చెప్పిన రోజు. పేరు అడగడానికి, టైము అడగడానికి, ఆశ్చర్యపోవడానికి ఆ మాటను ఎట్లా వాడాలో ప్రసూన బోర్డు మీద రాసింది. అంజవ్వను లేపి, "ఏం పని మీద వచ్చినవ్" అన్నది ఇంగ్లీషులో అడగమంది.

"వాట్ కమ్?" అంది అంజవ్వ. క్లాసు గొల్లుమంది. ఆమె కూర్చోలేదు. "మేడం, నేను గదిలకు పోంగనే మా డాక్టర్ సార్ నన్ను జూసి 'వాట్' అంటడు. గది అడుగుడా, తిట్టుడా?" అని అడిగింది. ఇంకా ఎక్కువ నవ్వారు.

సెంటర్ కెమెరాలో పడిన ఆ క్షణాన్ని కత్తిరించి, వెనుక గాడిద ఓండ్రింపు పెట్టి, పైన 'వాట్ అంజవ్వ' అని రాసి, కింద సెంటర్ ఫోన్ నంబర్ వేసి నెట్‌లో పెట్టారు. నాలుగు లక్షల మంది చూశారు. ఒక మూల, బోర్డు వైపు తిరిగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వుతున్న ఆడమనిషి కనిపిస్తోంది.

"అరే, గా ఎన్కున్నది నువ్వే గద" అని గజేందర్ మళ్లీ నవ్వాడు. అతని గడ్డం మీద రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ప్రసూన వాటిని చూసి కంచం జరిపి లేచిపోయింది. ఆ రోజు అంజవ్వకు జవాబు కూడా చెప్పలేదని గుర్తొచ్చింది. నవ్వు ఆపుకుని తర్వాతి వాక్యంలోకి పోయింది.

సోమవారం పొద్దున సెంటర్ ఓనర్ రమాకాంత్ దగ్గరికి వెళ్లింది. అతను పిన్నీసుతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఆమెను అడిగిన్రా సార్, వీడియో పెట్టెటప్పుడు?"

"అడిగేదేముంది మేడం? మూడు దినాల్ల నలభై మంది చేరిన్రు. ఊరంత మన పేరే."

"ఊరంత ఆమెను జూసి నవ్వుతున్నరు."

"సో వాట్?" అన్నాడు రమాకాంత్, పిన్నీసు కొనకు వచ్చినదాన్ని చూసుకుంటూ.

ఆ ప్రయోగం కూడా ప్రసూన ఎన్నోసార్లు క్లాసులో చెప్పింది. చూడటానికి ప్రశ్నలాగే ఉంటుంది కానీ ఏదీ అడగదు. ఇవాళ అది తన మొహం మీద ఉమ్మినట్టుగా తగిలింది.

మధ్యాహ్నం దవాఖానకు వెళ్లింది. వరండాలో అంజవ్వ తడిబట్టతో నేల తుడుస్తోంది. "ఓ వాటంజవ్వా, ఆరో నంబర్ రూంల బకెట్ తియ్యి" అని లోపలి నుంచి ఎవరో కేకేశారు. బెంచీ మీద కూర్చున్న వాళ్లు కిసుక్కుమన్నారు. ఒకామె అయితే ఫోన్ తీసి అంజవ్వ తన వెనుక పడేటట్టు ఫోటో దిగింది.

అంజవ్వ ప్రసూనను వెనుక మెట్ల దగ్గరికి తీసుకుపోయింది.

"నాకు తెల్వదు అంజవ్వా, ఆయన వీడియో పెడ్తడని" అంది ప్రసూన.

"ఎరుక లేదంటె నమ్ముత. మరి నవ్వింది?"

ప్రసూన మెట్టు మీద కూర్చుంది.

"పక్కింటోడు గా ఫోను వట్టుకపోయి మా ఆయనకే జూపిచ్చిండట. చెట్టు మీదికెల్లి వడ్డనాడు గూడ ఆయన ఏడ్వలే. గిది జూసి ఏడ్సిండు. నౌకరి బంజేసి ఇంటికి రమ్మంటుండు" అంది అంజవ్వ.

ప్రసూన, "ఆ దినం నువ్వడిగినదానికి నేను చెప్పలే. ఆ మాట రెండిటికీ వాడ్తరు. మెల్లగ అంటె అడుగుడు. కొట్టినట్టు అంటె తిట్టుడే" అంది.

"గట్లయితె తిట్టుడే. నాకు ముందుగాల్నే ఎరుక. పుస్తకంల గూడ గట్లనే రాసి ఉందా అని అడిగిన."

"పోలీసుల కాడికి పోదామా?"

"ఆల్లు గూడ సూసే ఉంటరు. నేను మీ సార్ మొకమే జూస్త. రేపొస్త" అని అంజవ్వ బకెట్ ఎత్తుకుంది.

మర్నాడు సాయంత్రం కొత్త బ్యాచ్‌కు డెమో క్లాసు. నలభై మందికి పైగా వచ్చారు. రమాకాంత్ మొదట పెద్ద టీవీలో ఆ వీడియోనే వేశాడు. గది నవ్వులతో నిండిపోయింది. అప్పుడే అంజవ్వ ఆయమ్మల చీరతోనే గుమ్మంలోకి వచ్చి, వీడియో అయిపోయేదాకా చూసింది. తర్వాత నడిచి వచ్చి టీవీ పక్కన నిలబడింది.

"గా అంజవ్వను నేనే. ఇంతసేపు నవ్విన్రు గద. ఇప్పుడు నవ్వుండ్రి, నేను జూస్త."

ఎవరూ నవ్వలేదు. కానీ మూడో వరుసలో ఇద్దరు ఫోన్లు పైకెత్తి ఆమెను తీయడం మొదలుపెట్టారు. ప్రసూన "దించుండ్రి" అంది. ఒకడు దించాడు. ఇంకొకడు బెంచీ కింది నుంచి తీస్తూనే ఉన్నాడు.

రమాకాంత్ కూల్‌డ్రింక్ పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "కూసో అవ్వా. మంచిగ ఫేమస్ అయినవ్. ఇంకో నాలుగు వీడియోలు జేద్దాం, కోర్సు ఫ్రీగ ఇస్త" అంటూ ఆమె భుజం మీద చేయి వేశాడు.

చీము పట్టిన పట్టీని తీసినట్టు, అంజవ్వ ఆ చేతిని రెండు వేళ్లతో పట్టి పక్కకు తీసింది. గొంతు పెంచకుండానే అంది:

"దినాం రోగుల పియ్యి ఎత్తుత నేను. సబ్బు వెట్టి కడుక్కుంటె వోతది. నిన్ను ముట్టుకున్నది ఎట్ల వోతదో తెల్వదు."

రమాకాంత్ మొహం నల్లబడింది. ప్రసూన ముందుకొచ్చి, పిల్లల వైపు తిరిగి, "ఈమెను అడగకుంటనే ఆ వీడియో పెట్టిన్రు. అండ్ల ఎన్క నవ్వుతున్నది నేనే. నాకే సిగ్గయితుంది" అంది. హాజరు పుస్తకం బల్ల మీద పెట్టి, అంజవ్వ వెంట మెట్లు దిగింది. ఆరుగురు ఆడపిల్లలు లేచి వచ్చారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

ఆ ఆరుగురిలో ఒకమ్మాయి తండ్రి వకీలు. ఆయన గట్టిగా ఫోన్ చేసేసరికి, చీకటి పడేలోగా రమాకాంత్ వీడియో తీసేశాడు. అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకి పోయిందో లెక్కలేదు. గజేందర్, "రెండు దినాలైతె జనమే మర్సిపోతరు, గింత దానికి నౌకరి ఇడ్సిపెడ్తరా?" అన్నాడు. ప్రసూనకు అతనితో కలిసి అన్నం తినబుద్ధి కాలేదు.

అంజవ్వ నౌకరి మానలేదు. ఆ శనివారం భర్తను చూసి రావడానికి బస్టాండ్‌కు వస్తే, ప్రసూన అక్కడ కలిసింది.

"అంజవ్వా, నీ రూముకే వచ్చి చెప్త ఇంగ్లీషు. ఎవ్వరుండరు. మనిద్దరమే."

అంజవ్వ ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు నవ్వింది నేనింక మర్వలే బిడ్డా. మర్సిననాడు ఫోన్ జేస్త" అంది. దౌల్తాబాద్ బస్సు వస్తే ఎక్కి, అవతలి కిటికీ పక్కన కూర్చుంది.

ఇది జరిగి రెండు నెలలు. ప్రసూన ఇప్పుడు ఒక బడిలో నాలుగో తరగతికి చెబుతోంది. అంజవ్వ నుంచి ఫోన్ ఇంకా రాలేదు.