అనకాపల్లి ఆచారి చేసిన మంచు బూటు

నేను ఒక మంచు బూటును. పై సగం పటాలం బూటు తోలు, కింది సగం లారీ కమాను పట్టీ. గడ్డకట్టిన చెరువుల మీద జారుతూ కర్రలతో ఆడే ఐస్ హాకీ కోసం నన్ను చేశారు. నా జత బూటు ఏ మంచులో పోయిందో నాకు తెలియదు.

నన్ను చేసినవాడు లక్కోజు అప్పలాచారి. అనకాపల్లి మనిషి, సైన్యంలో బళ్లు బాగుచేసే హవల్దారు. లేహ్‌లో ఉన్న రోజుల్లో విరిగిన కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో పదును పెట్టి, పాత బూటు అడుగున రివెట్లతో బిగించాడు. బదిలీ అయినప్పుడు ట్రంకుపెట్టెలో వేసి ఇంటికి తెచ్చాడు. మంచు ఎరగని ఊళ్లో నలభై ఏళ్లు అటక మీద ఉన్నాను. మనుషులు పనికొచ్చేవి అమ్మేసి, పనికిరానివి దాచుకుంటారు. ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఆచారి పోయాక కూతురు హైమవతి చేతికి వచ్చాను. ఆమె ఐటీఐలో ఫిట్టరు పని నేర్పే టీచరు. ఐస్ హాకీ చరిత్ర మీద ఒక టీవీ సంస్థ పది భాగాల డాక్యుమెంటరీ తీస్తోందని, లదాఖ్ భాగానికి పాత సామాను వెతుకుతోందని చదివి, నా ఫోటో పంపింది.

ఆ సిరీస్‌కు పరిశోధన చేసే వారిజ హైదరాబాదు నుంచి వచ్చింది. గడప దాటినప్పటినుంచీ ఆమెకు అనుమానమే. అంతకుముందు ఎవరో కొత్త కర్రను టీ డికాక్షన్‌లో నానబెట్టి వందేళ్లదని అంటగట్టబోయారట. నన్ను భూతద్దం కింద పెట్టి, గోటితో తుప్పు గీకి, వాసన కూడా చూసింది. హైమవతికీ ఆమె మీద నమ్మకం లేదు. కాఫీ కలపడానికి లోపలికి వెళ్తూ నన్నూ చంకలో పెట్టుకుపోయింది.

"ఈ రెండు రివెట్లు కొత్తవి," అంది వారిజ చివరికి.

హైమవతి నన్ను తన వైపు లాక్కుంది. "అవి నేనే వేసేనండి. పట్టీ ఊడిపోతుంటే బిగించేను. ముందే చెప్తే మిగతాదీ నమ్మరని భయమేసింది."

"ఇప్పుడు మాత్రం ఎలా నమ్మమంటారు?"

తన మూలంగా తండ్రి అబద్ధాలకోరు అవుతాడేమోనని హైమవతి ఆ పూట అన్నం ముట్టలేదు. లేహ్‌లో పాత ఆటగాళ్లకు చూపించి తేల్చుకుందామని వారిజ ఫోన్ చేస్తే, తననూ తీసుకెళ్తేనే ఇస్తానంది. విమానం దిగాక సంచి విప్పి, నన్ను తడిమి చూసుకున్నాకే అడుగు కదిపింది.

అక్కడ రిగ్జిన్ అనే ముసలి ఆటగాడు ఉన్నాడు. ఆచారి పేరు అతని ముందు ఎత్తకూడదని వారిజ షరతు. సైగలు చేస్తుందేమోనని హైమవతిని గది బయటే నిలబెట్టింది. వారిజ నన్ను మార్చేస్తుందేమోనని హైమవతి తలుపు సందులోంచి కాపలా కాసింది. బల్ల మీద నాతోపాటు మరో మూడు పాత బూట్లు పెట్టారు.

రిగ్జిన్ ఒక్కొక్కటీ తిరగేశాడు. నన్ను పట్టుకుని, బ్లేడు చివర బొటనవేలితో రాసి, ఇది మద్రాసీ హవల్దారు ఆచారి పని అని హిందీలో చెప్పాడు. బ్లేడును మడమ వెనక్కి రెండు వేళ్ల పొడుగు వదిలేది అతనొక్కడేనట. లేకపోతే వెల్లకిలా పడేవాడట.

హైమవతి లోపలికి వచ్చేసింది. తండ్రి బూట్లు చేశాడని తెలుసుగాని, మంచు మీదికి దిగాడని ఆమెకు తెలియదు. ఆడేవాడా అని వారిజ చేత హిందీలో అడిగించింది. ఆడడం ఎక్కడిది, ఆదివారమంతా పడడమే, పడ్డప్పుడల్లా అందరికంటే ముందు తనే నవ్వేవాడు అన్నాడు రిగ్జిన్. తండ్రి పగలబడి నవ్వడం హైమవతి ఎన్నడూ చూడలేదు. ఆ ముసలాయనను అనుమానంగా చూసింది.

"నిజంగా మా నాన్నేనా?"

వారిజ ఆ మాట హిందీలో అడిగింది. రిగ్జిన్ లేచి, రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ, ఆచారి పడే తీరు చేసి చూపించాడు. కుర్చీలో కూలబడుతూ, తనకు అర్థం తెలియని తెలుగు మాట ఒకటి స్పష్టంగా పలికాడు.

"ఓర్నాయనో."

హైమవతి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. వారిజ ఆమెకు తన చేతిరుమాలు ఇచ్చింది.

లదాఖ్ భాగంలో ఆ ఒక్క మాటా ఉంచి, బ్లేడు సంగతంతా కోసేశారు. ఇప్పుడు నేను లేహ్‌లోనే, చిన్న ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నన్ను ఇస్తున్నట్టు సంతకం పెట్టే ముందు హైమవతి ఆ పెట్టె తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది.