లాల్‌ఖదాన్ రోడ్డు మీద ఆర్‌ఎక్స్, సుజుకి ట్రయల్

ఉస్లాపూర్‌లో మేం కొన్న ఫ్లాట్‌కి ఒక్క బండికే పార్కింగ్. మా ఇంట్లో ఉన్నవి రెండు. నాన్నది యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్, జగన్నాథం మావయ్యది సుజుకి ఏఎక్స్ హండ్రెడ్. రెండూ ఎనభైల్లో కొన్నవి. సీసీ ఒకటే, పొగ ఒకటే, ఓనర్ల మొండితనం కూడా ఒకటే.

నాన్న రిటైరైన లోకో పైలట్. అమ్మ తమ్ముడైన మావయ్య ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా చేశాడు. దారిలో సిగ్నల్ రంగు మావయ్య పైకి చెప్తే నాన్న తిరిగి చెప్పేవాడు, అది రైల్వే రూలు. ఇప్పుడు మావయ్యా రిటైరై మాతోనే ఉంటున్నాడు.

"ఒకటి ఉంచండి. తేల్చుకోపోతే రెండూ కబాడీవాడికి పాత ఇనుం కింద ఇచ్చేస్తాను," అంది అమ్మ.

నేను మెకానికల్ బీటెక్. బస్, ఇంకేముంది, జడ్జీని నేనే.

"పికప్ చూడమ్మా," అన్నాడు నాన్న.

"పికప్ ఎందుకు బావా, ఈ వయసులో ఎక్కడికి పారిపోతావేటి? మైలేజ్ చూడే తనూజా."

"నువ్వు దాన్ని తోల్తే కదరా మైలేజ్ తెలిసేది. రోజూ తుడుస్తావంతే."

అందుకని ట్రయల్ పెట్టాను. లాల్‌ఖదాన్ దాటాక పట్టాల పక్కన మట్టిరోడ్డు. రైల్వే గేటు దగ్గరికి ముందు వచ్చిన బండి ఉంటుంది, రెండోది పోతుంది. గేటు దగ్గర నేను నిలబడ్డాను.

నాన్నే ముందున్నాడు. మత్లబ్, అంటే, గెలిచేసినట్టే. అంతలో రోడ్డు మధ్యలో రెండు బళ్ళూ ఆగిపోయాయి. పరిగెత్తుకెళ్ళాను.

"ఏటైంది?"

"సిగ్నల్ రెడ్," అన్నాడు నాన్న గర్వంగా. "వీడు రెడ్ అన్నాడు. నేనూ రెడ్ అని తిరిగి చెప్పి బ్రేకేశాను. రూల్ రూలే."

"అది రైలు సిగ్నల్ నాన్నా. పైగా గ్రీన్‌లో ఉంది."

నాన్న సిగ్నల్ వైపు చాలాసేపు చూశాడు. ఆయన ముందు చక్రానికి మూరెడు దూరంలో ఒక గేదె పడుకుని నెమరేస్తోంది. దాన్ని కూడా అప్పుడే చూశాడు.

"గేదె అంటే ఆగుతాడేటి?" అన్నాడు మావయ్య నాతో, నేలకేసి చూస్తూ. "రెడ్ అంటేనే ఆగుతాడు."

"నా చూపు సంగతి ఎప్పట్నుంచి తెల్సురా నీకు?"

"మొన్న మోప్కా రోడ్డులో ఎవర్నో చూసి నేననుకుని మాటాడావు కదా బావా. అప్పట్నుంచి."

నాన్న ఇంజన్ ఆపేశాడు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ బండే ఉంచరా. నేను వెనక కూర్చుంటాను."

"వద్దు బావా. నీదే ఉంచుదాం. నేను తోల్తాను."

"నా క్లచ్ నువ్వు ముట్టుకోకు."

మళ్ళీ మొదలెట్టేలా ఉన్నారని నాన్నని రెండు బళ్ళ మీదా వెనక సీట్లో కూర్చోబెట్టి చూశాను. అప్పటిదాకా ఎవరికీ తోచని టెస్ట్ అదొక్కటే.

"సుజుకి కొంచెం మెత్తగానే ఉంది," అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

"అయితే సుజుకి," అన్నాను.

నాన్న మావయ్య భుజం పట్టుకున్నాడు. గేదెని తప్పించుకుని మెల్లగా బయల్దేరారు. నేను ఆర్‌ఎక్స్ కిక్ కొట్టాను. పికప్ నిజంగానే బాగుంది. ఇంటిదాకా వాళ్ళని ఓవర్‌టేక్ చెయ్యలేదు.