ట్యాంకులో మా ఊరి వాన

మా ఆయన క్లెమ్ లెక్కన ఈ ఆస్ట్రేలియా మొత్తానికి తాగదగ్గ నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. మా బండిలో, మంచం కింద ట్యాంకులో. మిగతా నీళ్లన్నీ కాళ్లు కడుక్కోవడానికి.

బండి అంటే ముందు స్టీరింగు, వెనక మంచం, మధ్యలో పొయ్యి, సింకు ఉండే మోటర్‌హోమ్. దక్షిణాదిన మాలీ అనే మెట్ట ప్రాంతంలో మా గోధుమ పొలం, మిగిలిన గొర్రెలు, ఇల్లు అమ్మేశాక కొన్నాం. వానలు వరసగా మొహం చాటేశాయి. మా తర్వాత పొలం చేసేవాళ్లు ఎవరూ లేరు. అమ్మేద్దామని నేనే అన్నాను. క్లెమ్ సరేనన్నాడు. నేనన్నదానికి ఆయన ఒక్క మాటకే సరేననడం మా కాపురంలో అదే మొదటిసారి. అందుకే మళ్లీ అడగలేదు.

బయల్దేరే రోజు ఆయన సామాను ముట్టుకోలేదు. నేను గిన్నెలూ దుప్పట్లూ మోస్తుంటే, పెరట్లో రేకు ట్యాంకు నుంచి గొట్టం లాక్కొచ్చి బండి ట్యాంకు నింపుతూ నిలబడ్డాడు. ఇంటి కప్పు మీద పడిన వాన ఆ రేకు ట్యాంకులోకి దిగేది. పుట్టింది మొదలు ఆయన ఆ నీళ్లే తాగాడు. అందులో కప్పలుండేవి. కప్ప బతికిందంటే నీళ్లు మంచివని మా వైపు లెక్క. ఒకసారి పోసమ్, అదే చెట్ల మీద తిరిగే పిల్లి అంత జంతువు, కొమ్మ మీంచి జారి అందులో పడి చచ్చింది. దానికి ఏ లెక్కా లేదు. ఆ వారం టీ చిక్కగా ఉందని మా మామగారు మెచ్చుకున్నారు.

రోడ్డెక్కాక, ఆ నీళ్లు అయిపోతే ఎలా అని ఆయనకి బెంగ పట్టుకుంది. దానికో ఉపాయం కనిపెట్టాడు. ట్యాంకు సగానికి దిగగానే మళ్లీ నింపేస్తాడు. ఎప్పుడూ ఖాళీ కానివ్వడు. నిన్నటి పెరుగు తోడేస్తే ఇవాళ్టి పాలు పెరుగైనట్టు, అడుగున మా ఇంటి వాన ఉన్నంతకాలం పైన ఏం పోసినా అది మా ఇంటి వానే అవుతుందని ఆయన సిద్ధాంతం. పైన పోసేవి కూడా ఏవి పడితే అవి కావు. ఊళ్లో కుళాయి నీళ్లు పనికిరావు, వాటిలో మందు కలుపుతారు. బోరు నీళ్లు కోడిగుడ్ల కంపు. దారిలో ఏ రైతు ఇంటి ముందో బండి ఆపి, టోపీ చేతిలో పట్టుకుని, మీ రేకు ట్యాంకులోంచి కాసిని ఇస్తారా అని అడుగుతాడు. వాళ్లూ ఇస్తారు. ఒకాయన బకెట్టులో కప్పతో సహా ఇచ్చాడు. క్లెమ్ ఆ కప్పని వెనక్కిచ్చి, చెయ్యి కలిపి వచ్చాడు.

ఇంటి దగ్గర ట్యాంకు కదలదు. మురికి అడుగున పడుకుని ఉంటుంది, మనం పైనీళ్లు తాగుతాం. బండి ట్యాంకు సంగతి వేరు. రోజంతా గతుకుల రోడ్ల మీద ఎగిరెగిరి పడుతుంది, ఎండకి వెచ్చబడుతుంది, అడుగుదీ పైదీ ఒకటైపోతుంది. ఈ ముక్క క్లెమ్‌కి చెప్పింది నెవిల్.

నెవిల్, అతని భార్య మార్గో కూడా మాలాగే తల నెరిశాక రోడ్డెక్కినవాళ్లు. చలికాలం రాగానే దక్షిణాదిన ఉన్న ముసలాళ్లమందరం బళ్లేసుకుని ఉత్తరానికి పోతాం కదా, వాళ్లూ మేమూ ఒకే దారిన, ఒకే చోట్ల ఆగుతూ వస్తున్నాం. సాయంత్రమయ్యేసరికి ఎవరి మడత కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకొచ్చి గుండ్రంగా కూర్చుంటాం. మోకాళ్ల గురించీ, టైర్ల గురించీ, నీళ్ల గురించీ మాట్లాడుకుంటాం. వేరే విషయం ఎత్తినవాణ్ణి వింతగా చూస్తాం.

నెవిల్ ప్రతి ప్రయాణానికి ముందు ట్యాంకంతా వదిలేస్తాడు. మళ్లీ నింపి, బట్టలకి వాడే బ్లీచు, అదీ అత్తరు వాసన లేని రకం, కొలిచి కలుపుతాడు. ప్రతి కుళాయిలోంచీ ఆ ఘాటు వచ్చేదాకా తిప్పి, రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున్నే పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడుగుతాడు. తాగే నీళ్లు పట్టడానికి తెల్ల గొట్టం, పాయిఖానా డబ్బా కడగడానికి వేరే గొట్టం. ఆ రెండింటినీ ఒకే అరలో కూడా పెట్టడు. ఇదంతా మాకు చాలాసార్లు చెప్పాడు. క్లెమ్ చాలాసార్లు విన్నాడు. విని, నీ బండిలో టీ తాగితే ఈత కొలనులో మునిగి లేచినట్టుంటుందిరా అనేవాడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

పోయిన చలికాలం నుంచి నా కడుపు పాడైంది. మొదట సాసేజి వల్ల అనుకున్నాం. తర్వాత మార్గో చేసిన బంగాళాదుంపల సలాడ్ అనుకున్నాం. అదేనని క్లెమ్ తేల్చేసి, ఆ మాట మార్గోతో కూడా అన్నాడు. ఆవిడ చాలా రోజులు నాతో ముభావంగా ఉంది. క్లెమ్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఆ నీళ్లతో పెరిగిన కడుపు, అందులో ఏది పడ్డా చుట్టమే. నేను మాత్రం బండిలో పాయిఖానా చిన్న తలుపుకి కాపలా మనిషినయ్యాను. చిక్కిపోయాను, బట్టలు ఒంటి మీద వేలాడాయి.

దారిలో ఒక చిన్న ఊళ్లో డాక్టరమ్మకి చూపించుకున్నాను. క్లెమ్ బయట టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. ఏం నీళ్లు తాగుతారని అడిగింది. వాన నీళ్లన్నాను. ట్యాంకు ఎప్పుడు కడిగారంది. నేను నీళ్లు నమిలాను. పరీక్షలు చేయించి, మాత్రలిచ్చి, ఆ ట్యాంకులోవి చుక్క కూడా ముట్టవద్దంది. ఈ వయసులో ఇంకోసారి ఒంట్లో నీరంతా పోతే తట్టుకోలేనని, నేను తిరిగే చోట్లకి ఆసుపత్రి విమానం వచ్చేలోపే అయిపోతుందని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

బయటికొచ్చాక డాక్టరు ఏమందని క్లెమ్ అడిగాడు. కొవ్వు తగ్గించమందని చెప్పాను.

ఎందుకలా చెప్పానంటే, ఆయన మొహం చూసి. ప్రతి సాయంత్రం కుర్చీల దగ్గరికి వెళ్లేముందు సింకు కుళాయి తిప్పి రెండు గ్లాసులు నింపుతాడు. ఒకటి నా చేతికిచ్చి, "మన ఇంటి కప్పు మీద వాన, వెర్నా," అంటాడు. అని, నేను తాగేదాకా నా మొహంలోకే చూస్తాడు. రోజంతా ముడుచుకుని ఉండే మొహం అప్పుడొక్కసారి విచ్చుకుంటుంది. పొలం పోయింది, గొర్రెలు పోయాయి, ఇల్లు ఇంకెవరిదో అయింది. ఈ నీళ్లు కూడా పోతే ఆయనకింకేం మిగులుతుందో నాకు తెలియలేదు. తాగితే నేను పోయేలా ఉన్నాను. పారబోస్తే ఆయన పోయేలా ఉన్నాడు. నాకున్న చిక్కల్లా ఇదే.

పగలంతా మార్గో దగ్గర సీసాలో పట్టుకుని వాళ్ల ట్యాంకు నీళ్లే తాగేదాన్ని. అందుకని ఆవిడకి విషయం చెప్పాల్సి వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నెవిల్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. సలాడ్ పరువు దక్కిన సంతోషమేమో. సాయంత్రం గ్లాసు మాత్రం తప్పేది కాదు. ఒక్క గ్లాసే కదా అనుకున్నాను. కడుపు అలా అనుకోలేదు. ఒకరోజు పెట్రోలు బంకు దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. తెలివొచ్చేసరికి నా తల క్లెమ్ ఒళ్లో ఉంది. ఎండదెబ్బేనని బంకువాడితో చెబుతూ, బండిలోంచి గ్లాసు తెచ్చి, ఆఖరి చుక్కదాకా నా నోట్లో పోశాడు. అంత ప్రేమగా ఆయన నాకెప్పుడూ ఏదీ తాగించలేదు.

ఆ తర్వాత ఉత్తరాన క్వీన్స్‌లాండ్ రాష్ట్రం లోపలికి వచ్చాం. ఎండిపోయిన ఏటి ఒడ్డున, ఊరికి దూరంగా, మా రెండు బళ్లే ఆగి ఉన్నాయి. పొద్దు వాలుతుండగా ఒక పాత వ్యాను పొగలు కక్కుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి డేన్ అనే కుర్రాడు, అతని భార్య తాలియా, ఆమె చంకలో ఏడాది దాటిన పిల్ల దిగారు. గతుకుల్లో నీళ్ల డబ్బా మూత ఊడిపోయి సీట్ల కిందంతా పారిందట. మిగిలిన కాసిని నీళ్లు ఇంజను తాగేసిందట. పిల్ల పెదాలు ఎండి చీలాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక తల్లి భుజం మీద తల వాల్చేసింది. పిల్లకి కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా అని తాలియా అడిగింది.

క్లెమ్ లేచాడు. ఆ మోకాళ్లు అంత చురుగ్గా లేవడం నేను చూసి చాలా కాలమైంది.

"సరైన చోటికే వచ్చావు తల్లీ. ఇంత మంచి నీళ్లు నీకు ఈ దేశంలో ఎక్కడా దొరకవు," అని తాలియా చేతిలోంచి పిల్ల తాగే మూత గ్లాసు తీసుకుని బండిలోకి వెళ్లాడు.

నెవిల్ నావంక చూశాడు. మార్గో నావంక చూసింది. చెప్పాల్సింది నేనేనని వాళ్లకి తెలుసు. లోపల కుళాయి శబ్దం వినిపించింది. ఆయన ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. రోజూ నాకు పోసేటప్పుడు ఆ రాగం లేదు. వేరేవాళ్లు అడిగి తాగే నీళ్లు కదా మరి.

వచ్చి, ఒంగి, గ్లాసు పిల్ల చేతుల్లో పెట్టాడు. పిల్ల రెండు చేతులతో పట్టుకుని నోటికెత్తుకుంది. నేను లేచి ఆ గ్లాసు లాగేసుకున్నాను. లేదనుకున్న ఓపికంతా తెచ్చుకుని పిల్ల గుక్కపట్టింది.

"పసిదాని నోటి దగ్గరది లాగేస్తావా? మతి పోయిందా నీకు?" అన్నాడు క్లెమ్.

"నాకేమైందో అదే దానికీ అవుతుంది, క్లెమ్," అన్నాను.

కాసేపు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమవుతుండగా నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ఈలోపు మార్గో పరుగున వెళ్లి తన బండిలోంచి జగ్గు తెచ్చింది. పిల్ల వెక్కుతూనే తాగింది, తాగుతూనే వెక్కింది. తల్లికి ఏం అడగాలో తెలియక అందరికీ థాంక్స్ చెప్పింది. నెవిల్ ఆ కుర్రాణ్ణి ఇంజను చూద్దాం రమ్మని అటు తీసుకుపోయాడు.

క్లెమ్ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని మూత విప్పి, అందులోవి ఒక గాజు గ్లాసులోకి వంపి ఎండకెత్తి చూశాడు. సన్నటి తెల్లటి పీచులాంటిదేదో అందులో మెల్లగా తిరుగుతోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"పోయిన చలికాలం నుంచి."

డాక్టరుకి తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. వాళ్లకి తెలుసా అని మార్గో బండివైపు చూపించాడు. తెలుసన్నాను.

"మరి నువ్వెందుకు తాగావే?"

"నువ్వు పోశావు గనక."

ఆయన గ్లాసుని కుర్చీ చేతి మీద ఒలకకుండా పెట్టాడు. బండి కిందకి పాక్కుంటూ వెళ్లి ట్యాంకు అడుగు కుళాయి విప్పాడు. నీళ్లు ఎర్రమట్టి మీద పడ్డాయి. మార్చని పూలకూజా నీళ్ల వాసన వచ్చింది. ఆ మట్టి దేనికీ వంక పెట్టే రకం కాదు, పడ్డవి పడ్డట్టు పీల్చేసుకుంది. ఆయన మాత్రం బయటికి రాలేదు. కింద పడుకుంటే మళ్లీ లేవలేనని తెలిసి కూడా నేనూ పాకి ఆయన పక్కన చేరాను. ఆయన ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

"పొలం అమ్మడం నాకిష్టం లేదు, వెర్నా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అమ్మి, రోడ్డెక్కి, దేశం సగం తిరిగి, నా కడుపు గుల్లయ్యాకా చెప్పేది? అప్పుడు నోరు ఏమైందని అడిగాను. ఒక్క మాట అని ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం కదా, అంత బంగారంలా సరేనన్నావెందుకు అన్నాను.

ఆయన నీళ్లవైపే చూస్తూ చెప్పాడు.

"మేత లేక గొర్రెల్ని కాల్చేసిన రోజు, దొడ్డి కమ్మీ పట్టుకుని, ఇంక నావల్ల కాదు క్లెమ్ అన్నావు. అంతకు ముందు ఎప్పుడూ నువ్వా మాట అనలేదు."

గొర్రెల్ని కాల్చిన రోజు నాకు గుర్తుంది. ఆ తుపాకి చప్పుడు, ఆ దుమ్ము, అన్నీ గుర్తున్నాయి. ఆ మాట అన్నట్టు మాత్రం నాకు గుర్తే లేదు. గుర్తులేదనే చెప్పాను. ఆయన తల ఊపాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఆ తడి మట్టిలోనే పడుకున్నాం.