ఐరేని నాగరికత

పంజాగుట్టలో దుర్వాసుల సీతాపతి గారికి ఒక పెద్ద దిగులు ఉండేది. ఈజిప్టులో తవ్వితే రాజుగారి సమాధి దొరికింది. సింధులో తవ్వితే ఏకంగా ఊరే బయటపడింది. మన అమీర్‌పేటలో ఎక్కడ తవ్వినా రాళ్ళు తప్ప ఏమీ రావడం లేదు. బందరు నుంచి వచ్చి, ఇక్కడ ఉద్యోగం చేసి, రిటైరై, ప్రాచీన చరిత్ర పరిశోధక సంఘం స్థాపించిన మనిషికి ఇది మామూలు అవమానమా? ఆ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, కార్యదర్శీ ఆయనే. వేరే సభ్యులు లేకపోవడం వల్ల అందులో తగాదాలు మాత్రం ఉండేవి కావు.

1941లో ఆయన దిగులు తీరింది.

అమీర్‌పేటలోని మా చిన్న చర్చికి వెనకవైపు ప్రహరీ గోడ కట్టాలని పెద్దలు తీర్మానించారు. బోరబండ నుంచి వచ్చిన సాయిలు పునాది తవ్వుతుంటే పారకు ఏదో డొల్లగా తగిలింది. మట్టి తీస్తే ఒకదాని మీద ఒకటి మూడు కుండలు. తెల్లటి సున్నం పూత, దాని మీద జాజుతో గీసిన ఎర్ర గీతలు, చుక్కలు. పై కుండలో నల్లబడ్డ బియ్యం గింజలు, ఒక పోకవక్క.

పెళ్ళి జరిగిన ఏ ఇంటివాళ్ళైనా ఎరిగిన ఐరేని కుండలు అవి. పెళ్ళికి ముందు కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చి, పూజలో పెట్టి మొక్కే కుండలు. సాయిలు ఆ మాట అనబోయేలోగా, పొద్దుటి షికారుకు వచ్చిన సీతాపతి గారు పంచె ఎగ్గట్టి గుంతలోకి దూకేశారు.

"ఆగవయ్యా! చెయ్యి పెట్టకు! ఇవేంటో తెలుసా నీకు? మూడు వేల ఏళ్ళ నాటివి!"

ఆయన పెళ్ళిలోనూ ఇలాంటి కుండలే పెట్టారు. కానీ పెళ్ళిలో కుండల వంక చూసే మగవాడెవడు? ఇంట్లో ఉన్నంతకాలం అది కుండ, భూమిలోంచి వస్తే నాగరికత. మూడు వేల ఏళ్ళ నాటి పనైతే చాలా రోజులు సాగుతుంది కనుక సాయిలు కూడా నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి మా చర్చి వాళ్ళమంతా గుంత చుట్టూ చేరాం.

"ఈ ఎర్ర గీత చూశారూ, ఇది నైలు నది," అన్నారు సీతాపతి గారు. తర్వాత పోకవక్కను రెండు వేళ్ళతో పైకెత్తారు. "ఇది ఎండబెట్టిన పక్షి గుండె. ఈజిప్టు రాజుల పద్ధతండీ ఇది. చూశారా, అమీర్‌పేట దాకా వచ్చింది!"

ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని విన్నారు. అవి ఐరేని కుండలని చెప్పాలంటే, అవి తమకెలా తెలుసో కూడా చెప్పాలి. మా ఇళ్ళలో ఆ ఆచారం ఎన్నడో పోయిందని పాస్టరు జ్ఞానరాజు గారు ఎక్కడికి వెళ్ళినా గర్వంగా చెప్పుకునేవారు. పట్టుబడితే ప్రభువు సంస్కారంలో రొట్టె ఉండదు, అంటే సంఘంలోంచి వెలివేసినట్టే.

అందరి వెనక నిలబడ్డ మగ్దలీనమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆమె మా చర్చి బైబిలు స్త్రీ. శకునాలు నమ్మకండి, కుండలకూ బండలకూ మొక్కకండి అని ఇంటింటికీ తిరిగి బోధించడం ఆమె పని. ఆ పని వల్లే ఆమెకు కూడు. బోధించడంలో ఆమెను మించినవారు లేరు కూడా. మూడేళ్ళ కిందట ఆమె కూతురు నవోమి పెళ్ళి చర్చిలో, తెల్లచీరలో జరిగింది. దానికి ముందురోజు ఈ మూడు కుండలూ తోటకూర గంప అడుగున ఆమె ఇంటికి వచ్చాయి. ప్రార్థన చేసింది. ఎందుకైనా మంచిదని ఇదీ చేసింది. పెళ్ళయ్యాక ఇంట్లో ఉంచితే పాస్టరు గారు చూస్తారు. పగలగొడదామా అంటే పిల్ల కాపురం పగులుతుందేమోనని భయం. అందుకని చర్చి వెనక పాతిపెట్టింది. దేవుడి స్థలంలో భద్రంగా ఉంటాయనుకుంది.

అల్లుడు చిన్నప్ప యుద్ధంలో మిలిటరీ లారీ నడుపుతున్నాడు. ఎక్కడో కాదు, ఆ ఈజిప్టు ఎడారిలోనే. చాలాకాలంగా అతని కబురు లేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక సీతాపతి గారు చర్చి ముందు బల్ల వేయించి కుండలు పెట్టించారు. శాస్త్రానికి ఆదివారాలు లేవని పాస్టరును ఒప్పించి, వెనక సాయిలు చేత తవ్విస్తూనే ఉన్నారు. ఉపన్యాసం చివర ఒక సుత్తి తీశారు.

"ఒక కుండ పగలగొట్టి, పెంకు కలకత్తా పంపిస్తాను. అక్కడి పండితులు దాని వయసు తేలుస్తారు. శాస్త్రం కోసం ఓ కుండ పోతే ఏమైందండీ!"

సుత్తి లేచింది. కుండ వేరు, కాపురం వేరు అని మగ్దలీనమ్మ ఎన్నో ఇళ్ళలో చెప్పింది. ఆ మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. అయినా ఆ క్షణాన ఆ సుత్తి కింద ఆమెకు కుండ కనపడలేదు, అల్లుడి తల కనపడింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పగలగొట్టకయ్యా, నీ కాల్మొక్త! అవి మా నవోమి లగ్గం నాటి ఐరేని కుండలు! పిల్లగాడు ఫౌజుల ఉన్నడు!"

"ఏంటమ్మా నువ్వనేది? ఇది నైలు నది!"

"నది గాదయ్యా, జాజు. నేనే పూసిన."

సంఘ పెద్ద క్రీస్తుదాసు లేచాడు. ఇతరుల తప్పుల విషయంలో ఆయన ఎన్నడూ ఆలస్యం చేసేవాడు కాదు.

"పాస్టరుగారూ, ఊరందరికి చెప్పే మనిషే గిట్ల చేస్తే ఎట్ల? ఆమె పని తీసెయ్యాలె. రొట్టె సుత బంద్ చెయ్యాలె. ఇప్పుడే!"

"ఏమంటవు మగ్దలీనమ్మా?" అన్నారు పాస్టరు గారు, తల దించుకుని.

"ఏమంటనయ్యా. యేసయ్యను నమ్మిన. పిల్ల ముచ్చట వచ్చేసరికి నా గుండె నిలువలే. పని తీసేస్తే తియ్యుండ్రి. కుండలు మాత్రం నాకు ఇయ్యుండ్రి."

అంతమందిమి ఉన్నాం, నిజం చెప్పింది ఆమె ఒక్కతే. తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

అంతలో చర్చి వెనక నుంచి సాయిలు రెండు కుండలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"అయ్యా, గీడ ఇంకో జత ఎల్లింది! అవుతల ఇంకా ఉన్నయ్!"

"నగరం! మొత్తం నగరమే ఉంది!" అని సీతాపతి గారు గంతేశారు.

సాయిలు కుండల్ని బల్ల అంచున పెట్టబోయాడు. ఒకటి ఒరిగింది.

"అరె, జర పైలం! అవి మావి!" అంటూ క్రీస్తుదాసు భార్య దేవమణి ఉరికి పట్టుకుంది. పట్టుకున్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. క్రీస్తుదాసు మెల్లగా కూర్చున్నాడు.

ఇక ఆగలేదు. పసుపు చుక్కలవి మావంటే మావని, మూతి విరిగింది మా పెద్దపిల్లదని, మా ఆడవాళ్ళంతా గుంత వైపు పరుగెత్తారు. ఆ సందట్లో జ్ఞానరాజు గారు సాయిలును పక్కకు పిలిచారు.

"సాయిలూ, గా వేపచెట్టు దిక్కు తవ్వలే కద?"

"తవ్వలేదయ్యా."

"తవ్వకు."

మగ్దలీనమ్మ సంగతి వచ్చే సమావేశంలో తేలుద్దామన్నారు. అది ఏ సమావేశంలోనూ రాలేదు. ఆమెకు రొట్టె బంద్ చేస్తే మిగతా ఎవరికి పెట్టాలి? కుండలన్నీ తిరిగి పాతేశారు. ప్రహరీ గోడ అక్కడ ఒక వంపు, వేపచెట్టు దగ్గర ఇంకో వంపు తిరిగింది. సీతాపతి గారు ఇంటికెళ్ళి, మన పెళ్ళిలో ఇలాంటి కుండలు పెట్టారా అని భార్యను అడిగారట. ఆవిడేమందో బయటికి రాలేదు. పక్షి గుండెను మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు.

మగ్దలీనమ్మ మర్నాటి నుంచి మళ్ళీ సంచి తగిలించుకుని బయలుదేరింది. శకునాలు నమ్మకండి, కుండలకు మొక్కకండి అని ఎప్పటిలాగే గట్టిగా చెప్పేది. చెప్పి వస్తూ వస్తూ గోడ వంపు దగ్గర ఆగి, మట్టి కదిలిందేమోనని కాలితో తట్టి చూసుకునేది. చిన్నప్ప తిరిగొచ్చేదాకా అలా చూసుకుంటూనే ఉంది.