నడిమి పువ్వు

పోయిన బుధవారం తల్లి థిర్జాను పాతిపెట్టి వచ్చిన అల్మైరాకు ఒకటే దిగులు. సమాధిరాయి చెక్కేవాడు తల్లి పుట్టిన తేదీ అడిగితే చెప్పలేకపోయింది. బతికుండగా చిన్నతనం మాట ఎత్తితే చాలు, థిర్జా పొయ్యి ఎగదోసుకుంటూ ఉండిపోయేదే గాని నోరు విప్పేది కాదు. ఇక మిగిలిన దిక్కు చిన్నమ్మమ్మ హుల్డా. పద్దెనిమిది వందల యాభై రెండులో ఎద్దుబండ్ల మీద అమెరికా పడమటి కొసనున్న ఒరెగాన్‌కు వలస వచ్చినవాళ్ళలో ఈ లోయలో ప్రాణాలతో ఉన్నది ఆవిడొక్కతే.

హుల్డా ఇంట్లో వంశవృక్షం కాగితం మీద ఉండదు, గోడ మీద ఉంటుంది. ఇంటివాళ్ళలో ఎవరు పోయినా జుట్టు పాయ కత్తిరించి, సన్నతీగకు చుట్టి పువ్వు చేసి, గాజుపెట్టెలోని దండకు కడుతుంది. కొత్తగా పోయినవాళ్ళది నడిమి పువ్వు. మరొకరు పోతే అది పక్కకు జరుగుతుంది. అల్మైరా తల్లి జుట్టును రుమాల్లో కట్టి తెచ్చింది.

"అమ్మ ఎప్పుడు పుట్టిందో చెప్పు చిన్నమ్మమ్మా. ఇదీ కట్టిపెట్టు."

ముసలమ్మ రుమాలు ముట్టుకోలేదు. "థిర్జా పువ్వు ఎప్పుడో కట్టేశానే" అంది, దండ చివర వేలు పెట్టి.

బొటనవేలి గోరంత పువ్వు, పసుపుపచ్చ జుట్టుది. పెట్టె వెనక అట్ట మీద రాసి ఉంది: థిర్జా, ఆరేళ్ళు, ప్లాట్ నది ఒడ్డు, కలరా.

అల్మైరా నవ్వబోయింది. "నీకేమన్నా మతి పోయిందా? అమ్మ మొన్నేగా పోయింది!"

"నా మతికేం, గుండ్రాయిలా ఉంది. ఆ పాయ కత్తిరించింది నేనే. దారి మధ్యలో గొయ్యి తీసి, తోడేళ్ళు వాసన పట్టకుండా బండ్లన్నీ దాని మీంచే తోలాం. మీ అమ్మమ్మ ఏడవనైనా లేదు. మూడోనాడు చూస్తే మా బండి వెనక ఓ పిల్ల నడిచొస్తోంది. నల్లజుట్టు. ఒంటిమీద థిర్జా గౌను, మేం దాంతోపాటు పాతిపెట్టిందే. మీ అమ్మమ్మ మారు మాట్లాడకుండా దాన్ని ఎత్తి బండిలో కూచోబెట్టి రొట్టె పెట్టింది."

"వెనక బండ్లలో అమ్మా నాన్నా పోయిన పిల్లయి ఉంటుంది."

"మా వెనక బండ్లెక్కడివే? ఆ ఏడు మేమే ఆఖరు."

"మరి నువ్వెవరివే అని ఒక్కరూ అడగలేదా?"

"అడిగితే చెబుతుందేమోనని భయం."

అల్మైరా ఆ పసుపు పువ్వు వంక చూసింది. తనకు జ్వరమొస్తే వారం రోజులు మంచం దిగని తల్లి, ఎవరి పేరు మీదో బతికిందా? భయం వేసింది గాని, దానికన్నా కోపమే ఎక్కువొచ్చింది. రుమాలు విప్పి, నెరిసిన నల్లజుట్టును బల్ల మీద పెట్టింది.

"పేరు లేకపోతే మానె. నడిమి పువ్వు మా అమ్మదే. అట్ట మీద అల్మైరా తల్లి అని రాయి. సమాధి మీదా అదే చెక్కిస్తాను. నేనైతే నిజమే కదా!"

హుల్డా కలం అందుకుంది గాని రాయలేదు. మనవరాలిని తల నుంచి పాదాల దాకా చూసింది.

"ఏమోనే తల్లీ" అంది చివరికి. "నిన్ను కన్నప్పుడు మీ అమ్మ మంత్రసానిని కూడా గదిలోకి రానివ్వలేదు. నువ్వు పుట్టడం చూసినవాళ్ళెవరూ లేరు."

ఆ మాటంటూనే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.