ఉత్త రోటి చప్పుడు

రొట్టె విరిచే ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం, చింతలవాగు గూడెంలోని క్రైస్తవుల గుడిలో కూటం జరిగేది. సంఘంలో ఎవరికి ఎవరి మీద ఏమున్నా ఆ కూటంలో లేచి చెప్పాలి. ఇద్దరూ సమాధానపడితే మర్నాడు ఇద్దరికీ రొట్టె. పడకపోతే ఇద్దరికీ లేదు. ఎక్కువగా వచ్చేవి కోళ్ళ తగాదాలు, గట్టు తగాదాలు, కోడలు అత్తకు పెట్టని కూడు. పాస్టరు సుందరరాజు అన్నీ విని, ఇద్దరి చేతులూ కలిపి, పాట ఎత్తుకునేవాడు.

1934 వేసవిలో ఒక శనివారం రత్నమ్మ లేచి నిలబడింది.

"నాకు నిత్యానందమన్న మీద ఉంది అయ్యగారూ," అంది.

తలలన్నీ గోడవైపు తిరిగాయి. నిత్యానందం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతను ఆ ఊరి స్టేషనులో కానిస్టేబులు. గూడెంలో పుట్టి పోలీసు తలపాగా చుట్టిన మొదటి మనిషి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకరి ముందు చెయ్యి చాచలేదు, ఒకరి మీద చెయ్యి ఎత్తలేదు. సంతలో వంకాయలు డబ్బిచ్చి కొనుక్కునే పోలీసు అని ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

"ఏముంది తల్లీ, చెప్పు," అన్నాడు పాస్టరు.

"మా ఆయన్ను స్టేషన్లో కొడుతుంటే అన్న వాకిట్లో నిలబడినాడు."

రత్నమ్మ భర్త జ్ఞానయ్య. ఊళ్ళో సేద్యగాడు కాశయ్య దగ్గర జీతానికి ఉండేవాడు. కాశయ్య గొర్రెలు అడివి వైపు మేతకు పోయి, కొన్ని తిరిగి రాలేదు. చిరుత తిన్నదో, దొంగ తోలుకుపోయాడో ఎవరికీ తెలియదు. ఇనస్పెక్టరు తనిఖీకి వచ్చేలోగా కేసు తేల్చాలని హెడ్డు కానిస్టేబులు ఆంజనేయులు జ్ఞానయ్యను పట్టుకొచ్చి అరికాళ్ళ మీద కొట్టాడు. మర్నాడు ఎక్కడివో గొర్రె తోళ్ళు వచ్చాయి. జ్ఞానయ్య నడిచి వెళ్ళి వాగు పొదల్లో వాటిని చూపించాడని హెడ్డు కేసు కట్టాడు. చూసిన సాక్షులుగా నిత్యానందాన్ని, మాల్యాద్రి అనే ఇంకో కానిస్టేబులును పెట్టాడు. జ్ఞానయ్య ఇప్పుడు మార్కాపురం సబ్ జైల్లో ఉన్నాడు. గురువారం విచారణ.

"నిత్యానందం కొట్టలేదు గదమ్మా," అన్నాడు పాస్టరు.

"కొట్టలా. నీళ్ళు కూడా తాపినాడంట. మా ఆయనే చెప్పినాడు."

"మరింకేం?"

"ఇంకేందా! కొట్టినోడు మన గుడికి రాడు, వాణ్ణి నేనేడ అడిగేది? అన్న మంచోడు. మంచోడున్న స్టేషన్లోనే ఇట్ల జరిగింది. ఆ మంచితనం మా ఆయనకు ఏం పనికొచ్చింది అయ్యగారూ?"

నిత్యానందం లేచాడు. "నేను సెంట్రీ కాపలాలో ఉన్నా రత్నమ్మా. సెంట్రీ వదిలి లోపలికి పోకూడదు. రూలు."

"గురువారం ఏం చెప్తావన్నా?"

"సెంట్రీలో ఉన్నా, లోపల ఏం జరిగిందో చూడలేదని చెప్తా. చూడలేదు గదా! అబద్ధమైతే ఆడను."

"తోళ్ళ సంగతి?"

అతను తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అట్లయితే నాకు సమాధానం లేదు. రేపు నాకూ రొట్టె వద్దు," అని ఆమె కూర్చుంది.

"తన రొట్టె తనే పోగొట్టుకునె, ఎర్రిది," అన్నారు వెనక ఎవరో.

"నోరు ముయ్యి. నా కోడలు అది," అన్నాడు పెద్దన్న. జ్ఞానయ్య తండ్రి అతను. పాస్టరు ఆ సాయంత్రం పాట ఎత్తుకోలేదు.

ఆదివారం గుడిలో రొట్టె పళ్ళెం రత్నమ్మను దాటిపోయింది. నిత్యానందాన్ని దాటిపోయింది. అతని భార్య యేసుమణి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కూడా తల అడ్డంగా ఊపింది.

ఇంటికి వచ్చాక నిత్యానందం అడిగాడు. "నీమీద ఎవరూ ఏమీ చెప్పలా గదా. నువ్వెందుకు వద్దన్నావు?"

వాళ్ళ ఇల్లు స్టేషను వెనక పోలీసు ఇళ్ళ లైన్లలో చివరిది. యేసుమణి జొన్నసంగటి తట్టలో వేసి అతని ముందు పెట్టి, గడపలో కూర్చుంది.

"నువ్వు ఎప్పుడన్నా గమనించినావా? స్టేషన్లో అరుపులు మొదలైతే లైన్లలో రోలు చప్పుళ్ళు మొదలైతాయి."

"వంట వేళకు దంచుకుంటారు. ఏముంది దాంట్లో?"

"వంట వేళ ఏంది నాయనా! పిల్లలకు ఆ అరుపులు వినపడకూడదని దంచుతాం. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పక్కింటి అక్క రోకలి నా చేతికిచ్చి నేర్పింది. ఒకరు మొదలుపెడితే అందరం మొదలుపెడతాం. జ్ఞానయ్య అరిచినప్పుడు నేనూ దంచినా. రోట్లో గింజ లేదు. ఉత్త రోలు దంచినా."

నిత్యానందం చెయ్యి తట్టలోనే ఉంది.

"నీ సెంట్రీ అట్లాంటిదేనయ్యా," అంది ఆమె. "నేను రోలు దంచినా, నువ్వు తుపాకి పట్టుకుని నిలబడినావు. లోపల వాడి పని వాడు చేసుకున్నాడు. నువ్వు వాకిట్లో ఉన్నావని ఊళ్ళోవాళ్ళు నమ్మకంగా ఉన్నారు. నిత్యానందం ఉన్నాడులే, మరీ అన్యాయం జరగదులే అని. నువ్వు లేకపోయినా బాగుండేది. ఎవరన్నా వచ్చి అడిగేవాళ్ళు."

"చెప్తే ఉద్యోగం పోతాది. ఈ ఇల్లు పోతాది."

"పోనీ. మా నాయన పలకల గనిలో పనికి పోతా ఉన్నాడు. నేనూ పోతా."

అతను సంగటి ముద్ద తిరిగి తట్టలో పెట్టేశాడు.

బుధవారం హెడ్డు ఆంజనేయులు సాక్షులిద్దరినీ పిలిచి ఏం చెప్పాలో వల్లె వేయించాడు. మాల్యాద్రి చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. అతను ఆ సంవత్సరమే ఉద్యోగంలో చేరాడు.

"ఏమయ్యా నిత్యానందం, మీ గుడిలో నీకు కూడు బంద్ చేసినారంట గదా," అన్నాడు హెడ్డు. "వాళ్ళు పెట్టే ముక్క ఎంత, సర్కారు పెట్టేది ఎంత? లెక్క చూసుకో."

"చూసుకున్నానండి," అన్నాడు నిత్యానందం.

హెడ్డు ఆ మాటను తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

గురువారం మార్కాపురం కోర్టు వరండాలో గూడెం వాళ్ళు తెల్లవారుతుండగానే చేరారు. జ్ఞానయ్యను ఇద్దరు జవాన్లు పట్టుకుని తెచ్చారు. మడమల మీద నడుస్తున్నాడు. అతని తరఫున వకీలు లేడు.

ముందు కాశయ్యను పిలిచారు. తోళ్ళు తన గొర్రెలవేనని చెప్పి దిగాడు. తర్వాత నిత్యానందం. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. పోలీసుల తరఫున కేసు నడిపే కోర్టు ఇనస్పెక్టరు కాగితం చూస్తూ అడిగాడు.

"ముద్దాయి నీ ఎదట వాగు దగ్గర తోళ్ళు చూపించాడా?"

"చూపించలేదు."

కోర్టు ఇనస్పెక్టరు కాగితం మీంచి తల ఎత్తాడు. "మళ్ళీ అడుగుతున్నాను. విని చెప్పు."

"వినే చెప్తున్నానండి. ఆ రోజు అతను వాగు దాకా కాదు, స్టేషను గడప దాకా కూడా నడవలేడు. అరికాళ్ళు వాచి నేల మీద పడి ఉన్నాడు. నేనే నీళ్ళు తాపినా. ముందు రోజు హెడ్డుగారు కొట్టినారు."

"నువ్వు చూశావా?"

"చూడలా. సెంట్రీలో ఉన్నా. విన్నా. లైన్లలో ఆడవాళ్ళు కూడా విన్నారు. పిల్లలకు వినపడకుండా ఉత్త రోళ్ళు దంచినారు. నా భార్య కూడా."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "ఈ రోళ్ళు దంచడం ఎప్పటి నుంచి ఉంది?"

"నేను ఆ స్టేషనుకు రాకముందు నుంచి ఉందండి."

మేజిస్ట్రేటు అతని వైపు వంగాడు.

"ఒంటి మీద యూనిఫారం ఉంది, చేతిలో తుపాకి ఉంది. నువ్వెందుకు ఆపలేదు?"

"ఆపొచ్చు. ఆపలేదు. నేను కొట్టలేదు గదా అని ఊరుకున్నా. ఆ తప్పులో నాకూ పాలుంది. రాసుకోండి దొరగారూ."

"రాస్తే నీ ఉద్యోగానికే ముప్పు. తెలుసా?"

"తెలుసండి."

మేజిస్ట్రేటు కలం తీసుకుని రాశాడు. రాసి, మాల్యాద్రిని పిలవమన్నాడు.

మాల్యాద్రి బయట చెట్టు కింద ఉన్నాడు. లోపల జరిగింది అతనికి తెలియదు. బోను ఎక్కి చూస్తే హెడ్డు తల వంచుకుని ఉన్నాడు. గోడ పక్కన నిత్యానందం తల ఎత్తి నిలబడి ఉన్నాడు.

"నిత్యానందమన్న ఏం చెప్పినాడు దొరా?" అని అడిగాడు.

"అది నీకెందుకు? నువ్వు చెప్పేది చెప్పు."

"అన్న చెప్పిందే నాది కూడా."

కోర్టులో నవ్వులు లేచాయి. "ఆయన చెప్పింది నీకు తెలియదు కదయ్యా," అన్నాడు మేజిస్ట్రేటు.

"తెలియదు దొరా. ఆయన అబద్ధం ఆడడు. అందుకని నేనూ నిజమే చెప్పాల. ఆ తోళ్ళు కంభంలో కసాయి దగ్గర నేను తెచ్చినా. హెడ్డుగారు పొమ్మంటే పోయినా. కంపు కొడుతున్నాయని బస్సు ఎక్కనియ్యలా. నెత్తిన పెట్టుకుని నడిచొచ్చినా."

మేజిస్ట్రేటు కాశయ్యను మళ్ళీ పిలిచాడు.

"తోళ్ళు నీవేనని ఎలా చెప్పావు?"

"హెడ్డు నావేనన్నాడు దొరా. పోలీసాయన అంతగా చెప్తుంటే కాదంటే బాగుండదని అన్నా," అన్నాడు కాశయ్య. ఈసారి బంట్రోతు కూడా నవ్వాడు.

కేసు మధ్యాహ్నానికి కొట్టేశారు. జ్ఞానయ్యను అక్కడికక్కడే వదిలేశారు. మేజిస్ట్రేటు కలెక్టరుకు రిపోర్టు రాస్తున్నానని చెప్పి లేచాడు. కబురు అందుకున్న సర్కిల్ ఇనస్పెక్టరు వరండాలోకి వచ్చి, జనం చూస్తుండగా ఆంజనేయులు చేత బెల్టు విప్పించాడు. ఆ శీతాకాలంలో కర్నూలులో అతనికి జైలు శిక్ష పడింది.

బెల్టు చేతిలో పట్టుకునే ఇనస్పెక్టరు నిత్యానందం వైపు తిరిగాడు. "నీ మీదా విచారణ ఉంటుంది. ఇద్దరి మీదా."

"ఉండాలండి," అన్నాడు నిత్యానందం.

రత్నమ్మ మెట్ల దగ్గర భర్త కాళ్ళు చూస్తోంది. నిత్యానందం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పినావన్నా," అంది ఆమె.

"ఆలస్యంగా చెప్పినా."

"ఆలస్యమే. ఇంతకు ముందు ఆ స్టేషన్లో దెబ్బలు పడినోళ్ళ ఇళ్ళకు కూడా పోయి చెప్పుకో. నేనొక్కదాన్ని సమాధానపడితే చాలదు."

"పోతా. ఒక్కో ఇంటికి పోతా. ముందు వీణ్ణి ఇంటికి చేర్చాల."

జ్ఞానయ్య ఆ కాళ్ళతో చింతలవాగు దాకా నడవలేడు. నిత్యానందం తలపాగా తీసి మాల్యాద్రి చేతికిచ్చి, వంగి, జ్ఞానయ్యను భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"దించన్నా, సిగ్గయితుంది," అన్నాడు జ్ఞానయ్య.

"ఊరుకోరా. నువ్వేం బరువున్నావు? జైలు కూటికి సగమైనావు."

పెద్దన్న సంచిలోంచి డప్పు తీశాడు. సంఘంలో చేరినవాళ్ళు డప్పు ముట్టకూడదని మిషన్ కట్టడి. ఆ కట్టడి పెట్టిన తెల్ల దొరసాని ఉన్నప్పటి నుంచి గూడెంలో ఎవరూ ముట్టలేదు. పెద్దన్న దాన్ని పొద్దున్నే ఎందుకు వెంట తెచ్చాడో ఎవరూ అడగలేదు. అతను పాస్టరు వైపు చూశాడు. సుందరరాజు గొడుగు విప్పి, మొహానికి అడ్డం పెట్టుకుని, ముందుకు నడిచాడు.

డప్పు మోగింది. బజారులో దుకాణాల వాళ్ళు బయటికి వచ్చారు. పలకల బండ్లు పక్కకు ఆగాయి. పోలీసు భుజాల మీద మనిషి ఉండడం మార్కాపురం అంతకు ముందు చూడలేదు.

"ఎవరబ్బా పోయింది?" అని అడిగాడు ఒక షావుకారు.

"ఎవరూ పోలేదు సామీ! గెలిచినాడు, నా కొడుకు!" అని అరిచాడు పెద్దన్న.

వెనక మాల్యాద్రి నెత్తిన ఒక తలపాగా, చేతిలో ఒక తలపాగాతో పరుగెత్తుకుంటూ వచ్చి, "కాసేపు నాకియ్యి అన్నా, నేను మోస్తా," అన్నాడు.

"వాగు దాటినాక ఇస్తాలే, నడువు," అన్నాడు నిత్యానందం, ఆగకుండా.